నేను విన్నది ‘మేము’

ఒక చిన్న మాటను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. ఎవరి దగ్గరా దించలేదు. వినేవాళ్లు లేక కాదు. దీన్ని ఇంగ్లీషులో చెబితే తప్పులాగే వినిపించదు. నేను రాసింది అక్షరాలా నిజం. టేపు ఉంది. అందులో ఉన్న మాటలే అచ్చయ్యాయి, ఒక్క పొల్లు కూడా మారలేదు. అయినా అది అబద్ధం. ఎలా అబద్ధమో తెలుగు తెలిసినవాళ్లకి చిటికెలో అర్థమవుతుంది. అందుకే మీకు చెబుతున్నాను.

రేపు మధ్యాహ్నం ఇదే సంగతిని ఇక్కడి లైబ్రరీలో, నలుగురి ముందు, ఇంగ్లీషులో చెప్పాలి. ముందుగా మీకు చెప్పుకుంటే రేపు నోరు తిరుగుతుందేమోనని ఆశ.

విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో నా ఉద్యోగం మొదలైంది. ఇంగ్లీషులో వచ్చిన వార్తల్ని తెలుగులోకి దించడం పని. చేరిన కొత్తలో ఒక స్పిన్నింగ్ మిల్లు యజమాని ప్రకటన నా బల్ల మీదికి వచ్చింది. ఇది కష్టకాలం, వుయ్ విల్ టేక్ ఎ కట్, అన్నాడాయన. యాజమాన్యం తన జీతాలు తగ్గించుకుంటుందని ఆయన భావం. నేను ‘మనమందరం జీతాలు తగ్గించుకుందాం’ అని రాశాను. మర్నాడు పొద్దున కార్మికులు మిల్లుకు వెళ్లలేదు. మా ఆఫీసు మెట్ల మీదికి వచ్చారు.

వాళ్లకి సర్ది చెప్పి పంపేశాక మా డెస్క్ ఇన్‌చార్జి నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు, అందుకే భయమేసింది.

“వుయ్ కనపడగానే ఆగాలిరా అబ్బాయ్. మనమా, మేమా? తెలియకపోతే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే తెలియలేదని రాయి. అంతేగానీ తెలివిగా ‘తగ్గించుకుంటాం’ అని ఊరుకుని కర్తని మింగెయ్యకు. కర్తని మింగినవాడు రేపు దేన్నైనా మింగుతాడు.”

ఆ రోజు నుంచి నా చెవికి ఒక అలవాటు పడింది. ఇంగ్లీషులో ఎవరు ‘వుయ్’ అన్నా అది మనంగానో మేముగానో విడిపోయాకే లోపలికి వెళుతుంది. ఢిల్లీ మీదుగా వాషింగ్టన్ చేరి, ఇంగ్లీషులోనే రాసి బతికిన రోజుల్లోనూ ఆ అలవాటు పోలేదు. కాబట్టి నాకు తెలియక జరిగిందని అనడానికి వీల్లేదు. ఆ దారి నాకు మొదట్లోనే మూసుకుపోయింది.

ఇక ఆయన సంగతి.

పేరు రాయను. దేశం పేరూ రాయను. ఉత్తర ఆఫ్రికాలో, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉంది, అంతవరకు చాలు. ఫాస్ఫేట్ గనులున్న ఊళ్లో రైల్వే స్టేషన్ మాస్టరు కొడుకు. ఫ్రాన్స్‌లో ఆర్థికశాస్త్రం చదివి విదేశాంగ శాఖలో చేరారు. మొదటి పోస్టింగు ఢిల్లీలో, వాణిజ్య విభాగంలో చిన్న అధికారిగా. వాళ్ల ఫాస్ఫేట్ మన ఎరువుల కార్ఖానాలకు వచ్చేది. సరుకు దిగేటప్పుడు చూసుకోవడానికి కాకినాడ రేవుకు వెళ్లారట. తర్వాత రెండు మూడు దేశాల్లో పనిచేసి వాషింగ్టన్‌కి రాయబారిగా వచ్చారు. అప్పుడే నాకు పరిచయం. నేను తెలుగువాణ్నని తెలిసిన రోజున “కాకినాడ!” అని నా భుజం తట్టారు. అక్కడ తిన్న పెసరట్టు గురించి ఎంతసేపు మాట్లాడారో. ఆయన పెసరట్టు అనేవారు కాదు, ‘ఆ పచ్చ దోసె’ అనేవారు.

కొన్నాళ్లకు ఆయన్ని దేశానికి పిలిపించి ఆర్థికమంత్రిని చేశారు. ఖజానా ఖాళీ. వాషింగ్టన్‌లో అప్పులిచ్చేవాళ్ల భాష తెలిసినవాడు కావాలి. అప్పులిచ్చేవాళ్లేమో రొట్టె మీద సబ్సిడీ ఎత్తేయమంటున్నారు. అక్కడ రొట్టె అంటే మనకి అన్నం లాంటిది. ఆయన ఒక సంవత్సరం నెట్టుకొచ్చారు. రొట్టె జోలికి వెళ్లేముందు మంత్రుల కార్లు, విదేశీ బంగళాలు, పెద్ద అధికారుల భత్యాలు కోయాలని ఆయన పట్టు. తోటి మంత్రులకే అది నచ్చలేదు. ఆ పట్టు మీదే మళ్లీ వాషింగ్టన్ వచ్చారు, అప్పులిచ్చేవాళ్లతో మాట్లాడుకోవడానికి.

నేను అప్పట్లో ఒక చిన్న వార్తాసంస్థలో ఉన్నాను. ఆయన బస చేసిన హోటల్లో, పొద్దున టిఫిన్ బల్ల దగ్గర ఇంటర్వ్యూ ఇచ్చారు. టేపు రికార్డరు మా ఇద్దరి మధ్య పెట్టాను. పక్క బల్ల దగ్గర ఆయనతో వచ్చిన ఇద్దరు మంత్రులు వెన్న రాసుకుని మెత్తటి రొట్టెలు తింటున్నారు.

“ఇంటికి వెళ్లాక జనానికి ఏం చెబుతారు?” అని అడిగాను.

“రేడియోలో మాట్లాడతాను. దాపరికం లేకుండా చెబుతాను. వుయ్ హావ్ గాట్ యూజ్డ్ టు సాఫ్ట్ బ్రెడ్. వుయ్ మస్ట్ లెర్న్ టు ఈట్ ఇట్ డ్రై.”

మెత్తటి రొట్టెకు అలవాటు పడ్డాం, ఎండు రొట్టె తినడం నేర్చుకోవాలి. నా చెవి ఆగింది.

“వుయ్ అంటే ఎవరు, ఎక్సలెన్సీ?”

ఆయన మాటతో జవాబు చెప్పలేదు. అరచెయ్యి గుండె మీద వేసుకున్నారు. తర్వాత పక్క బల్ల వైపు తిరిగి, ఆ ఇద్దరి తలల చుట్టూ గాలిలో వేలితో ఒక సున్నా చుట్టారు.

“వుయ్, మై ఫ్రెండ్. వుయ్.”

ఒక మంత్రి నోట్లో ముద్దతోనే తలెత్తి చూశాడు. ఆర్థికమంత్రిగారు నవ్వారు. నేనూ నవ్వాను.

మేము. జనానికి చెప్పబోయే మాటలో ఆ వుయ్ మేమే. మంత్రులం మేము మెత్తటి రొట్టెలకు అలవాటు పడ్డాం, ఎండువి మేము తింటాం, తర్వాతే మీ రొట్టె సంగతి. ఇంతకన్నా విడమరిచి ఏ మంత్రీ నాకెప్పుడూ చెప్పలేదు. కానీ టేపుకి చేతులు కనపడవు.

ఆఫీసుకు వెళ్లి రాయడం మొదలుపెట్టాను. ‘మంత్రులమే ముందు తగ్గుతాం అన్న ఆర్థికమంత్రి’ అని రాస్తే ఆ వార్త ఎవరు వేసుకుంటారు? ‘ఎండు రొట్టె తినడం నేర్చుకోండని ప్రజలకు చెప్పనున్న మంత్రి’ అంటే అన్ని పత్రికలూ వేసుకుంటాయి. వేళ్లు ఆ రెండోదే కొట్టాయి. వేళ్లు అని ఎందుకంటున్నాను? నేనే కొట్టాను.

మా ఎడిటరు మంచి ఎడిటరు. ఆ వాక్యం దగ్గర ఆగి నా వైపు చూసింది. “ఇందులో వుయ్ ఎవరు?” అని అడిగింది. నాకు విజయవాడ గుర్తొచ్చింది. నిజంగానే గుర్తొచ్చింది. “దేశం” అన్నాను.

నా అబద్ధం మొత్తం ఆ ఒక్క మాటే.

ఎందుకన్నానో మీరు అడగకముందే చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆ ఏడాది మా సంస్థ మనుషుల్ని తగ్గిస్తోంది. నా హెచ్-1బి వీసా వాళ్ల చేతిలో ఉంది. ఉద్యోగం పోతే సర్దుకుని వెనక్కి వెళ్లాలి. నా భార్య వసంతకి అప్పుడే డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి. ఇవన్నీ నిజాలే. చాలా ఏళ్లు వీటినే కారణంగా చెప్పుకున్నాను. కానీ ఆ పొద్దున ‘దేశం’ అన్నప్పుడు నా బుర్రలో వీసా లేదు, వసంత లేదు. నా వార్త పది పత్రికల్లో మొదటి పేజీలో కనపడుతోంది. అంతే ఉంది. వీసాను ఆ తర్వాత వెతికి తెచ్చుకున్నాను.

వార్త వెళ్లింది. వాళ్ల దేశంలో అది అరబిక్‌లోకి, ఫ్రెంచ్‌లోకి మారింది. ఆ భాషల్లోనూ ‘వుయ్’కి ఒక్కటే మాట. ఆయన విమానం దిగేసరికే ఆయనకి ‘ఎండు రొట్టె మంత్రి’ అని పేరు పడింది. ఇంటి గేటు మీద ఎండిన రొట్టెముక్కలు విసిరారు. నా ఉద్దేశం అది కాదని ఆయన చెప్పారు. మాట మారుస్తున్నాడన్నారు. మా సంస్థ టేపు బయటపెట్టింది. ఆయన గొంతు స్పష్టంగా వుయ్ అంటోంది. ఆ వెంటనే నా ప్రశ్న కూడా ఉంది. వుయ్ అంటే ఎవరు? వుయ్, మై ఫ్రెండ్, వుయ్. దేశమంతా అని ఆయనే నొక్కి చెప్పినట్టుగా వినపడింది. టేపు నన్ను నిర్దోషిని చేసింది. ఆఫీసులో నా భుజం తట్టారు.

కొద్ది వారాల్లో ఆయన రాజీనామా చేశారు. కార్లూ బంగళాలూ ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కొత్త మంత్రి వచ్చి ముందుగా రొట్టె ధరే పెంచాడు. నేను ఆ వార్త కూడా రాశాను. ఆయన్ని దూరంగా, వాళ్లకి వ్యాపారమే లేని ఒక చలిదేశానికి రాయబారిగా పంపేశారు. అక్కడే రిటైరయ్యారు.

నేను కాకపోతే ఆ తోటి మంత్రులు ఇంకో వంక వెతికేవాళ్లేమో. అయ్యుండొచ్చు. కానీ వాళ్లు వెతుక్కోనక్కర్లేకుండా చేతికి అందించింది నేను.

తర్వాత వసంత ఉద్యోగం కోసం మిషిగన్ వచ్చేశాం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డాం. నేను వార్తలు మానేసి ఏవో పుస్తకాలు దిద్దుతూ రిటైరయ్యాను. ఇక్కడి లైబ్రరీలో ప్రతి గురువారం పెద్దవాళ్లు ఇంగ్లీషు మాట్లాడుకునే బల్ల ఒకటి ఉంటుంది. పిల్లల దగ్గరికి వచ్చిన తెలుగువాళ్లు, చైనావాళ్లు, అరబ్బులు కూర్చుంటారు. సాయంగా నేనూ వెళుతుంటాను. పోయిన శీతాకాలం ఒక కొత్త మనిషి వచ్చి కోటు విప్పుకుంటూ అందరికీ నమస్కారం చెప్పారు. ఆ గొంతు నాకు తెలుసు. ఇంటర్వ్యూ రాసుకోవడానికి ఆ టేపుని ఎన్నిసార్లు తిప్పి విన్నానో.

డాక్టరుగా పనిచేస్తున్న కూతురి దగ్గర ఉంటున్నారు. ఇంట్లో తోచక, ఇంగ్లీషు నేర్పడానికి వచ్చారు. నన్ను గుర్తుపట్టలేదు. అప్పటి నల్లగడ్డం లేదు, జుట్టూ లేదు. వార్తల కింద వేసే పేరు కాకుండా, ఇంట్లో పిలిచే పేరు చెప్పి ఊరుకున్నాను. కాకినాడ ఊసెత్తలేదు. ఇక వెళ్లకూడదనుకున్నాను. కానీ ప్రతి గురువారమూ వెళ్లాను.

“ఆ లైబ్రరీకి వెళ్లొచ్చినప్పుడల్లా మీ బీపీ చెక్ చెయ్యాల్సొస్తోంది. అక్కడ ఇంగ్లీష్ నేర్పుతున్నారా, బాక్సింగా?” అనేది వసంత. తనకీ చెప్పలేదు.

మా బల్ల దగ్గర సుబ్బలక్ష్మిగారని తెనాలి ఆవిడ ఉన్నారు. కూతురి దగ్గర ఆరునెలలు ఉండటానికి వచ్చారు. మాట్లాడటానికి ఏమాత్రం జంకరు. ఒక గురువారం రాయబారిగారితో “సండే వుయ్ గో టెంపుల్, సార్” అన్నారు.

ఆయన క్యాలెండరు తలుచుకుంటున్నట్టు ఒక్క క్షణం ఆగి, “ఆదివారం నాకు ఖాళీయే మేడమ్. ఎన్నింటికి?” అన్నారు.

ఆవిడ నా వైపు తిరిగారు. “అయ్యో, మేము వెళ్తున్నాం అన్నానండీ బాబూ! ఆయన మనం అనుకున్నట్టున్నారు. కాస్త చెప్పండి.” మళ్లీ తనే, “సర్లెండి, రమ్మనండి. పులిహోర ఉంటుంది” అన్నారు.

బల్లంతా నవ్వులు. నన్ను వివరించమన్నారు. వినేవాణ్ని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము, తెలుగులో రెండు మాటలున్నాయని చెప్పాను.

రాయబారిగారు చాలా సంతోషించారు. “చూశారా, నేను ఆ ఇంటర్వ్యూ మీ భాషలో ఇవ్వాల్సింది. నా మంత్రి పదవి నిలిచేది” అన్నారు. ఆ తర్వాత రొట్టె కథ అందరికీ చెప్పారు. కోపంగా కాదు, ఎవరి కథో చెబుతున్నట్టు.

“ఒక ఇండియన్ కుర్రవాడు అడిగాడు, వుయ్ అంటే ఎవరని. చేత్తో చూపించాను. చూశాడు, నవ్వాడు కూడా. ఇంటి గేటు మీద రొట్టెముక్కలు పడుతున్నప్పుడు నా భార్యతో అన్నాను, కంగారుపడకు, ఆ ఇండియన్‌కి తెలుసు, రేపో ఎల్లుండో చెబుతాడు అని. ఆవిడ రొట్టెల దుకాణానికి వెళ్లడం మానేసింది. వెళితే పాత రొట్టె చేతిలో పెట్టేవారు. రోజూ సాయంత్రం అడిగేది, మీ ఇండియన్ చెప్పాడా అని.”

సుబ్బలక్ష్మిగారు నా మోచెయ్యి తట్టారు. “ఏంటండీ అంటున్నారు? కొంచెం ఫాస్ట్‌గా ఉంది.”

నేను తెలుగులో చెప్పాను. మొత్తం చెప్పాను. ఒక ఇండియన్ విలేకరి ఉన్నాడట, తెలిసీ చెప్పలేదట.

“పాపిష్టోడు! నోరు పడిపోయిందా వాడికి?” అన్నారావిడ.

“ఏమో అండీ” అన్నాను. ఆ ‘ఏమో’ కూడా నా తప్పుల్లో కలపండి.

ఆయన ఆదివారం నిజంగానే గుడికి వెళ్లారట. పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారని సుబ్బలక్ష్మిగారు తర్వాతి వారం అందరికీ చెప్పారు.

ఈమధ్య లైబ్రరీవాళ్లు ఆయన చేత ఒక ప్రసంగం చేయించాలనుకున్నారు. స్టేషన్ మాస్టరు కొడుకు రాయబారి, మంత్రి ఎలా అయ్యాడో, ఏం చూశాడో చెబుతారు. ఊళ్లో అరబ్ కుటుంబాల పిల్లలు చాలామంది వస్తారట. పాత విలేకరివి కదా, నువ్వు పరిచయం చెయ్యమన్నారు. వివరాల కోసం ఈరోజు ఆయన పక్కన కూర్చున్నాను. అన్నీ ఓపిగ్గా చెప్పారు. చివర, “రొట్టె సంగతి కూడా పెట్టండి. ఇంటర్నెట్‌లో నా పేరు కొడితే మొదట వచ్చేది అదే. పిల్లలు ఎలాగూ చూస్తారు. నా మనవరాలు స్కూల్లో చూసి వచ్చి అడిగింది, తాతా, నువ్వు నిజంగా అలా అన్నావా అని” అన్నారు.

“మీరేమన్నారు?”

“అన్నాననే చెప్పాను. అన్నాను కదా.”

ఆయన్ని తీసుకెళ్లడానికి కూతురు కారు తెచ్చి లైబ్రరీ ముందు ఆపింది. నేనూ వెనకాలే వెళ్లాను. కారుకు నాలుగడుగుల ఇవతల, కరిగీ కరగని మంచులో నిలబెట్టి చెప్పాను. నేను ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు. కాకినాడ అన్నాను, పచ్చ దోసె అన్నాను. ఆయన మొహం వెలిగింది. తర్వాత మిగతాది చెప్పాను. మా ఎడిటరు అడిగిన ప్రశ్న, నేనిచ్చిన జవాబు. విన్నది మేము, రాసింది మనం.

క్షమించమని అడుగుదామనుకుని వెళ్లాను. అడగలేకపోయాను. ఆయన భార్య ఇప్పుడు లేరు. రోజూ సాయంత్రం అడిగింది ఆవిడ.

“ఆ రెండు మాటలు మళ్లీ చెప్పండి” అన్నారు.

చెప్పాను.

“మనం. మెము.” ఆయనకి దీర్ఘం పలకలేదు. “నా మనవరాలు రేపు ముందు వరసలో కూర్చుంటుంది. దానికి అర్థమయ్యేలా చెప్పగలరా?”

“చెబుతాను. నా పేరుతో చెబుతాను. ఆ తర్వాత...” ఆ తర్వాత ఏమిటో నాకే తెలియదు. “మనం మళ్లీ మాట్లాడుకోగలమా?”

కూతురు అద్దం దించి ‘బాబా’ అని తండ్రిని పిలిచింది. ఆయన వెళ్లి ఆవిడ పక్క సీట్లో కూర్చున్నారు. తలుపు వేసేముందు నా వైపు చూసి, “వుయ్ విల్ సీ” అన్నారు.

వసంత నన్ను తీసుకెళ్లడానికి వచ్చింది. దారిలో తనకి మొత్తం చెప్పాను, ఇన్నేళ్లకి. సిగ్నల్ దగ్గర కారు ఆపి, “నా ఇంటర్వ్యూలని కూడా సాకుగా వాడుకున్నారన్నమాట” అంది. అవునన్నాను. “చివర్లో ఏమన్నారాయన?” అంది.

“వుయ్ విల్ సీ అన్నారు.”

“అంటే, చూద్దాం అనా? చూస్తాం అనా?”

ఆలోచించాను. చూద్దాం అయితే అందులో నేనున్నాను. చూస్తాం అయితే ఆయనా, కూతురూ. గొంతులో కోపం లేదు. స్నేహం ఉందని కూడా ప్రమాణం చెయ్యలేను. చలికి ఆయన చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి.

“తెలియలేదు” అన్నాను.

అనగానే ఒళ్లు తేలికపడింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియలేదని రాయమన్న విజయవాడ పాఠాన్ని ఎన్నో ఏళ్ల కిందట, ఒక పొద్దున, మా ఎడిటరు ముందు వదిలేశాను. అప్పుడు తెలిసీ మార్చాను. ఇప్పుడు తెలియదు, తెలియదనే అన్నాను. తేలికపడ్డంత మాత్రాన ఏమీ తీరలేదు. గేటు మీద పడ్డ రొట్టెముక్కలు పడ్డట్టే ఉన్నాయి. అయినా వసంత నవ్వింది. “రేపు నేనూ వస్తాను. ముందు వరసలో కాదులెండి” అంది.

రేపు ఆ గదిలో నా పేరు చెప్పి మొదలుపెడతాను. ఇక్కడ దాంతో పని లేదు. ఆయన చివర అన్న మాటను మాత్రం ఇక్కడ తెలుగు చెయ్యడం లేదు. ఆయన ఎలా అన్నారో అలాగే ఉంచుతున్నాను.

వుయ్ విల్ సీ.